మినహాయింపు కథలు, మామూలు పేదలు
అమెరికా స్కేట్‌బోర్డు సంస్కృతి గురించి కొన్ని ఆలోచనలు

నాలుగు చిన్న చక్రాలు బిగించిన చెక్క పలక మీద నిలబడి జారే ఆటకూ సాహిత్య విమర్శకూ ఏమిటి సంబంధమని కొందరు మిత్రులు అడగవచ్చు. సంబంధం వుంది. ఆ ఆట చుట్టూ గత యాభై ఏళ్లుగా అమెరికాలో ఒక కథ అల్లుకుంది. దిక్కులేని కుర్రవాడు, పగిలిన ఇల్లు, ఖాళీ జేబు, చంకలో ఒక పలక. ఎవరి సాయమూ లేకుండా అతను ఆ పలకతోనే లోకాన్ని గెలుస్తాడు. అదే యాభై ఏళ్లలో, అదే దేశంలో, పేద కుటుంబాల గురించి పాలకులు మరో కథ చెబుతూ వచ్చారు. ప్రభుత్వం ఇచ్చే భత్యం తిని సోమరులైన తల్లులు, బాధ్యత వదిలేసి పారిపోయిన తండ్రులు, అందువల్ల చెడిపోయిన పిల్లలు.

మొదటిది వీరగాథ, రెండోది నిందాగాథ. పైకి చూస్తే రెంటికీ పొంతన లేదు. కాస్త లోపలికి వెళితే రెండూ ఒకే అచ్చులో పోసినవని తెలుస్తుంది. లక్షల మందిలో ఒక్కడు పైకి వస్తాడు, అతని కథ అందరికీ ఆదర్శమవుతుంది. లక్షల మందిలో ఒక్కతె మోసం చేస్తుంది, ఆమె కథ అందరికీ నిదర్శనమవుతుంది. ఈ రెండు మినహాయింపుల మధ్య మామూలు పేద కుటుంబం కనిపించకుండా పోతుంది. వాస్తవికతా సాహిత్యం గురించి మాట్లాడేటప్పుడు మనం ప్రాతినిధ్య పాత్ర అనే మాట తరచుగా వాడతాం. ఎవరు ఎవరికి ప్రాతినిధ్యం వహిస్తారన్న ప్రశ్న కథల పుస్తకాలతో ఆగేది కాదనీ, చట్టసభల దాకా, పేదల వంటింటి దాకా వెళ్లేదనీ చూపడానికే ఈ ఆట కథను ఎత్తుకున్నాను.

1

స్కేట్‌బోర్డు కాలిఫోర్నియా సముద్రతీరంలో 1950ల నాటికి ఆకారం తీసుకుంది. అలల మీద పలకతో తేలే ఆటగాళ్లు, అలలు లేని రోజుల్లో అదే విన్యాసాన్ని రోడ్డు మీద చేయాలనుకున్నారు. మొదట్లో ఇనుప చక్రాలు, తర్వాత మట్టి మిశ్రమంతో చేసిన చక్రాలు. చిన్న గులకరాయి అడ్డం వస్తే చాలు, చక్రం ఆగేది, మనిషి ఎగిరిపడేవాడు. 1970ల తొలి సంవత్సరాల్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే యువకుడు పాలీయూరిథేన్ అనే సాగుడు గుణమున్న పదార్థంతో చేసిన చక్రాలను మార్కెట్లోకి తెచ్చాడు. ఆ చక్రం నేలను పట్టుకుంది. పిల్లల కాలక్షేపం కాస్తా ఒక విద్య అయింది.

ఆ విద్యకు పేరు తెచ్చిన పేట శాంటా మోనికా, వెనిస్ ప్రాంతాలు కలిసే చోట వుంది. దాన్ని అక్కడి కుర్రాళ్లు డాగ్‌టౌన్ అని పిలుచుకున్నారు. కుక్కల పేట అని అర్థం చెప్పుకోవచ్చు. అక్కడ సముద్రంలోకి కట్టిన ఒక వినోదశాల 1967లో మూతపడి, విరిగిన స్తంభాలతో శిథిలమై నిలిచింది. ఆ స్తంభాల మధ్యనే కుర్రాళ్లు అలల మీద ఆడేవారు. జెఫ్ హో, స్కిప్ ఎంగ్‌బ్లోమ్, క్రెయిగ్ స్టేసిక్ కలిసి నడిపిన జెఫైర్ అనే పలకల దుకాణం వాళ్లకు ఆశ్రయం. ఆ దుకాణం పేరు మీదనే పన్నెండు మంది జట్టు ఒకటి తయారైంది. అందులో పెగ్గీ ఓకీ ఒక్కతే ఆడపిల్ల. 1975లో డెల్ మార్ పట్టణంలో జరిగిన పోటీల్లో ఈ జట్టు నేలబారుగా వంగి, చేత్తో నేలను తాకుతూ, అలల మీద ఆడినట్టే ఆడింది. నిటారుగా నిలబడి నాజూకుగా ఆడటమే ఆట అనుకుంటున్న న్యాయనిర్ణేతలకు మార్కులు ఎలా వెయ్యాలో తోచలేదు.

1976, 77 సంవత్సరాల్లో కాలిఫోర్నియాను పెద్ద కరువు పట్టింది. నీటి వాడకం మీద ఆంక్షలు వచ్చాయి. ధనికుల పెరళ్లలోని ఈత కొలనులు ఎండిపోయాయి. డాగ్‌టౌన్ కుర్రాళ్లు కంచెలు దూకి, ఆ ఖాళీ కొలనుల గుండ్రటి గోడల మీద పలకలు నడిపారు. పోలీసులు వచ్చేలోగా ఆడుకోవడం, వస్తే పరుగెత్తడం. ఆధునిక స్కేట్‌బోర్డు విన్యాసాల్లో ఒక పెద్ద పాయ ఈ కొలనుల్లోంచే పుట్టింది.

ఈ ఘట్టాన్ని సాహిత్య విద్యార్థులు జాగ్రత్తగా చదవాలి. ఎవరి కొలను, ఎవరి కరువు, ఎవరి ఆట? ఆడుకోవడానికి స్థలం లేని పిల్లలు, ఉన్నవాళ్లు వాడలేని స్థలాన్ని తమదిగా చేసుకున్నారు. అందులో నిజమైన ధిక్కారం వుంది. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ ధిక్కారాన్ని కథగా మలచిన తీరు వేరు. జట్టు పెద్దల్లో ఒకడైన స్టేసిక్ స్కేట్‌బోర్డర్ పత్రికలో రాసిన వ్యాసాలు, తీసిన ఛాయాచిత్రాలు ఈ పేటను పురాణంగా మార్చాయి. ఆట కంటే ఆటను గురించిన రచన ఎక్కువ దూరం ప్రయాణించింది. పావు శతాబ్దం తర్వాత, 2001లో, ఆ జట్టు సభ్యుడే అయిన స్టేసీ పెరాల్టా డాగ్‌టౌన్ అండ్ జీ బాయ్స్ అనే డాక్యుమెంటరీ చిత్రం తీశాడు. దానికి పెట్టుబడి పెట్టింది వ్యాన్స్ అనే బూట్ల కంపెనీ. పెరాల్టానే రాయగా 2005లో కథాచిత్రం కూడా వచ్చింది. వీధి పిల్లల ధిక్కారం బూట్ల ప్రచారానికి పనికివచ్చే కాలం అప్పటికి వచ్చేసింది.

ఆ డాక్యుమెంటరీ ప్రధానంగా ముగ్గురి బతుకులను పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. పెరాల్టా వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు. టోనీ ఆల్వా పందొమ్మిదేళ్లకే తన పేరుతో సొంత కంపెనీ పెట్టాడు. అందరికంటే సహజ ప్రతిభ వున్నవాడని జట్టంతా ఒప్పుకున్న జే ఆడమ్స్ మాదకద్రవ్యాల్లో, జైళ్లలో ఎన్నో ఏళ్లు పోగొట్టుకుని, 2014లో యాభై మూడేళ్లకు మరణించాడు. చిత్రం చూసినవారికి అతను చేజేతులా జీవితాన్ని పాడుచేసుకున్న ప్రతిభావంతుడుగా గుర్తుంటాడు. ఒకే పేటలో పెరిగిన పిల్లల్లో కొందరు నిలబడి, కొందరు కూలిపోవడానికి ఇళ్లు, వీధులు, బళ్లు ఎంతవరకు కారణమన్న ప్రశ్న చిత్రంలో తొంగిచూస్తుంది గాని నిలబడదు. కథ వ్యక్తి స్వభావం దగ్గరే ఆగిపోతుంది.

2

ఇప్పుడు ఈ ఆట వృత్తిగా ఎలా నడుస్తుందో చూద్దాం. వృత్తి ఆటగాడు అంటే కంపెనీ ఒక పలక మీద ఎవరి పేరు అచ్చువేసి అమ్ముతుందో ఆ ఆటగాడు. సంప్రదాయంగా అమ్ముడైన ఒక్కో పలకకు అతని వాటా ఒకటి రెండు డాలర్లు. దానికి బూట్ల కంపెనీ, బట్టల కంపెనీ ఇచ్చే సొమ్ము తోడవుతుంది. ఆ మెట్టు కింద, పేరు అచ్చుకాని యువకులు అనేకమంది ఉచితంగా వచ్చే పలకల కోసం, బూట్ల కోసం ఏళ్ల తరబడి ఎముకలు విరగ్గొట్టుకుంటారు. చట్టం దృష్టిలో వీరిలో ఎక్కువమంది ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. కాలు విరిగితే వైద్యం ఖర్చు ఎవరిదన్నది ఒప్పందాన్ని బట్టి, అదృష్టాన్ని బట్టి వుంటుంది. వయసు ముప్పై దాటాక ఏమిటన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

ఈ ఆటలో అందరికంటే పేరున్న టోనీ హాక్ కథ కూడా మనకు పనికివస్తుంది. 1982లో, పద్నాలుగేళ్ల వయసులో అతను వృత్తి ఆటగాడయ్యాడు. 1980ల చివర బాగా సంపాదించాడు. 1990ల తొలినాళ్లలో మార్కెట్ కూలిపోగానే అంతటివాడూ అప్పుల లెక్కలు చూసుకోవలసి వచ్చింది. 1999లో అతని పేరుతో వచ్చిన వీడియో ఆట మళ్లీ దశ తిప్పింది. అయితే ఈ కథలో తరచుగా వెనక్కి పోయే పాత్ర ఒకటి వుంది. అది అతని తండ్రి ఫ్రాంక్ హాక్. నౌకాదళంలో పనిచేసి వచ్చిన ఆయన కొడుకుని కారులో మైదానాల చుట్టూ తిప్పాడు. పోటీలు సరిగా లేవని గమనించి 1983లో జాతీయ స్కేట్‌బోర్డు సంఘాన్నే స్థాపించాడు. ఒంటరి వీరుడి వెనుక కారు వుంది, తీరిక వుంది, సంఘం పెట్టగల తండ్రి వున్నాడు. హాక్ ప్రతిభకు ఇందువల్ల లోటేమీ లేదు. ప్రతిభ ఒక్కటే చాలదని మాత్రం రుజువవుతుంది.

ఫిలడెల్ఫియా నగరంలో ఇదే విషయం మరో రూపంలో కనిపిస్తుంది. ఆ నగరం నడిబొడ్డున 1965లో ఒక గ్రానైట్ కూడలి కట్టారు. ప్రేమ అనే అర్థమిచ్చే నాలుగు ఇంగ్లీషు అక్షరాల శిల్పం అక్కడ వుండడం వల్ల జనం దాన్ని లవ్ పార్క్ అన్నారు. దాని మెట్లు, అరుగులు స్కేట్‌బోర్డుకు అద్భుతంగా కుదిరాయి. నగరంలోని పేద పేటల పిల్లలు, ముఖ్యంగా నల్లజాతి పిల్లలు, డబ్బు కట్టనవసరం లేని ఆ బహిరంగ స్థలంలో ఆట నేర్చుకున్నారు. స్టీవీ విలియమ్స్ అక్కడే ఎదిగాడు. తమను తిట్టడానికి వాడిన మాటనే తీసుకుని, 2002లో డర్టీ ఘెట్టో కిడ్స్ అనే పేరుతో కంపెనీ పెట్టాడు. మురికివాడ పిల్లలన్న తిట్టు వ్యాపార చిహ్నమైంది.

ఆ కూడలిలో అదే కాలంలో ఏం జరిగిందో గమనించండి. 2001లో, 2002లో ఒక టెలివిజన్ సంస్థ నడిపే ఎక్స్ గేమ్స్ పోటీలకు ఫిలడెల్ఫియా ఆతిథ్యమిచ్చింది. ప్రకటనల డబ్బు, పర్యాటకుల డబ్బు వచ్చే ఆట నగరానికి కావాలి. అదే సమయంలో నగరపాలకులు లవ్ పార్క్‌లో స్కేట్‌బోర్డును నిషేధించి, 2002లో కూడలిని మార్చి, పిల్లలను గట్టిగా వెళ్లగొట్టారు. ఆ కూడలి రూపకల్పనలో పాలుపంచుకున్న వృద్ధ నగర ప్రణాళికావేత్త ఎడ్మండ్ బేకన్, తొంభై రెండేళ్ల వయసులో, ఇద్దరు పట్టుకోగా పలక ఎక్కి జారి నిరసన తెలిపాడు. 2004లో ఒక బూట్ల కంపెనీ పది లక్షల డాలర్లు ఇస్తాం, ఆటను తిరిగి అనుమతించండి అన్నా నగరం ఒప్పుకోలేదు. పేద పిల్లవాడు పైకి వచ్చాడన్న కథ అందరికీ ఇష్టమే. ఆ పిల్లవాడు కూర్చునే అరుగు మాత్రం ఎవరికీ ఇష్టం లేదు.

3

ఇక రెండో కథకు వద్దాం. పేద కుటుంబాల్లోని పిల్లలకు అమెరికా కేంద్ర ప్రభుత్వం నగదు సహాయం ఇవ్వడం 1935 సామాజిక భద్రతా చట్టంతో మొదలైంది. తండ్రి చనిపోయి గాని, వదిలేసి గాని ఆధారం పోయిన పిల్లలకు ఆ సహాయం. దాన్ని ఎవరికి ఇవ్వాలో తేల్చే అధికారం చాలావరకు రాష్ట్రాల చేతుల్లో వుండేది. అందుకని దక్షిణాది రాష్ట్రాలు తగిన ఇల్లు అనే నిబంధన పెట్టుకున్నాయి. తల్లి నడవడి సరిగా లేదని తీర్పు చెప్పి పిల్లల నోటి దగ్గర కూడు తీసేయవచ్చు. 1960లో లూసియానా రాష్ట్రం ఈ నిబంధన కింద ఇరవై వేలకు పైగా పిల్లలను జాబితా నుంచి ఒక్కసారిగా తొలగించింది. వారిలో అత్యధికులు నల్లజాతి పిల్లలు.

ఇంట్లో మగమనిషి వుంటే సహాయం ఆపేయాలన్న నియమం మరొకటి. అర్ధరాత్రి తలుపు తట్టి, మంచాల కింద చూసి, మగవాడి బూట్లు వున్నాయేమోనని వెతికే తనిఖీలు సాగాయి. 1968లో సుప్రీంకోర్టు అలబామా రాష్ట్రపు ఇలాంటి నియమాన్ని కొట్టేసింది. అప్పటికి ఎన్ని ఇళ్లలో మగవాడు ఇంట్లో లేనట్టు నటించవలసి వచ్చిందో ఊహించుకోవచ్చు. తండ్రి లేకపోవడమే అర్హతగా పెట్టి, తర్వాత తండ్రులు లేరేమని ఆ కుటుంబాలనే తప్పుపట్టడం ఈ విధానంలోని వైరుధ్యం.

1965లో కార్మిక శాఖలో పనిచేస్తున్న డేనియల్ పాట్రిక్ మోయినిహాన్ నల్లజాతి కుటుంబం మీద ఒక నివేదిక రాశాడు. బానిసత్వ చరిత్ర గురించి, మగవారి నిరుద్యోగం గురించి అందులో మాట్లాడాడు. కానీ జనం చెవికెక్కింది ఒక్కటే: కుటుంబం చెడింది గనక పేదరికం వచ్చింది. కారణం, ఫలితం తలకిందులయ్యాయి. 1976లో అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పోటీ పడుతూ రోనాల్డ్ రీగన్ తన సభల్లో షికాగోకు చెందిన ఒక స్త్రీ గురించి చెప్పేవాడు. ఎన్నో దొంగ పేర్లతో భత్యం తీసుకున్న స్త్రీ. అలాంటి ఒక స్త్రీ నిజంగానే వుంది. ఆమె ఎన్నో రకాల నేరాల్లో ఆరితేరిన మనిషి. భత్యం తీసుకుని పిల్లలకు పాలు కొనే లక్షలాది తల్లులతో ఆమెకు ఏ పోలికా లేదు. అయినా ఆమే ప్రాతినిధ్య పాత్ర అయింది. కథకుడు నేర్పరి అయితే ఒక మినహాయింపును నియమంగా నమ్మించగలడు. ఆ నేర్పు ఎవరి కోసం పనిచేస్తుందన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

ఆ కథకు ముగింపు 1996 ఆగస్టులో వచ్చింది. అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టం పాత సహాయ పథకాన్ని రద్దు చేసి, తాత్కాలిక సహాయం అనే కొత్త పథకం తెచ్చింది. ఆ చట్టం పేరు వ్యక్తిగత బాధ్యత అనే మాటతోనే మొదలవుతుంది. కేంద్ర నిధులతో ఏ కుటుంబానికైనా సాధారణంగా జీవితం మొత్తంలో 60 నెలలే సహాయం. పనికి వెళ్లాలన్న షరతు. రాష్ట్రాలకు ఏటా ఇచ్చే మొత్తం దాదాపు 1,650 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది. ధరలు పెరిగినా ఆ అంకె పెరగలేదు. ఫలితం ఏమిటంటే, 1996లో పిల్లలున్న ప్రతి 100 పేద కుటుంబాలకు 68 నగదు సహాయం పొందేవి, 2020 నాటికి అవి 21కి పడిపోయాయి. 2006 నుంచి కొన్నేళ్లపాటు ఆరోగ్యకరమైన వివాహాలను, బాధ్యతగల పితృత్వాన్ని ప్రోత్సహించడానికి ఏటా 15 కోట్ల డాలర్లు కేటాయించారు. పెళ్లి నిలబడితే పేదరికం పోతుందన్న నమ్మకం దీని వెనుక వుంది.

ఇప్పుడు రెండు కథలనూ పక్కన పెట్టి చూడండి. పలక పట్టిన కుర్రవాడు ఎవరి సాయమూ లేకుండా గెలిచాడు గనక, సాయం అవసరం లేదు. భత్యం తీసుకున్న స్త్రీ మోసం చేసింది గనక, సాయం ప్రమాదం. ఒకటి పొగుడుతుంది, ఒకటి తిడుతుంది. చేరే తీర్పు ఒకటే. వీటిని ఎవరో కూర్చుని పథకం వేసి కలిపారని నేననడం లేదు. ఒకే కాలపు గాలి పీల్చిన కథలు ఇవి. ఒక భావజాలం బలంగా వున్నప్పుడు దాని ప్రత్యర్థులు కూడా దాని వ్యాకరణంలోనే మాట్లాడతారు. అధికారాన్ని ధిక్కరించానని చెప్పుకునే వీధి సంస్కృతి సైతం అధికారానికి ఇష్టమైన కథనే చెప్పడం అందుకే.

4

ఈ వ్యాకరణాన్ని లోపలినుంచే దాటిన ఒక కళాఖండం వుంది. అది 2018లో వచ్చిన మైండింగ్ ది గ్యాప్ అనే డాక్యుమెంటరీ చిత్రం. ఆస్కార్ బహుమతికి నామినేషన్ కూడా పొందింది. దర్శకుడు బింగ్ లియూ. చైనాలో పుట్టి, చిన్నతనంలోనే తల్లితో ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ చేరినవాడు. ఒకప్పుడు మరమేకులకూ యంత్ర పరికరాలకూ పేరుపడిన పారిశ్రామిక నగరం రాక్‌ఫర్డ్. కర్మాగారాలు మూతపడిన తర్వాత, 1980ల తొలినాళ్ల మాంద్యంలో, దేశంలోనే నిరుద్యోగం తీవ్రంగా వున్న నగరాల్లో ఒకటిగా నిలిచింది. బింగ్ తన స్నేహితులు ఆడుతుండగా కుర్రతనం నుంచే చిత్రీకరించాడు. పన్నెండేళ్ల పాటు పోగుపడిన ఆ దృశ్యాల నుంచి చిత్రం రూపుదిద్దుకుంది.

మొదట్లో మామూలు స్కేట్‌బోర్డు చిత్రంలాగే వుంటుంది. ఖాళీ వీధుల్లో, పార్కింగ్ అంతస్తుల్లో కుర్రాళ్లు గాలిలా సాగిపోతుంటారు. చూసేవాడి ఒంట్లో కూడా ఆ వేగం పాకుతుంది. మెల్లగా కెమెరా ఆట నుంచి ఇళ్లలోకి నడుస్తుంది. ఒక మిత్రుడు ఇళ్ల పైకప్పులు వేసే పనివాడు, ఉన్నత పాఠశాల చదువు మధ్యలో మానినవాడు. ఇరవై ఏళ్లు దాటీ దాటకముందే తండ్రయ్యాడు. మరో మిత్రుడు నల్లజాతి యువకుడు. హోటల్లో గిన్నెలు కడుగుతాడు. చిన్నప్పుడు తనను కొట్టిన తండ్రిని, ఇప్పుడు చనిపోయిన తండ్రిని, ద్వేషించనూలేడు, మరిచిపోనూలేడు. మూడోవాడు దర్శకుడే. అతన్నీ అతని తల్లినీ మారుటి తండ్రి ఏళ్ల తరబడి హింసించాడు. ముగ్గురినీ వీధిలోకి తోసింది ఇల్లే. పలక వాళ్లకు స్వేచ్ఛ అయ్యేముందు ఇంటినుంచి పారిపోయే దారి.

చిత్రం నడుస్తుండగా దర్శకుడికి ఒక అనుమానం కలుగుతుంది. తన మిత్రుడు తన బిడ్డ తల్లిని కొడుతున్నాడేమో. అప్పుడు అతని ముందు రెండు దారులు వున్నాయి. మిత్రుడిని కాపాడుకుని ఆట చిత్రం తీయడం ఒకటి. మిత్రుడిని దుర్మార్గుడిగా నిలబెట్టి చేతులు దులుపుకోవడం మరొకటి. మొదటిది వీరగాథ, రెండోది నిందాగాథ. అతను రెంటినీ వదిలి మూడో దారి పట్టాడు. ఆమె మాటను పూర్తిగా వినిపించాడు. అతను చేసినదాన్ని దాచలేదు. అతని భయాన్నీ, తనమీద తనకున్న అసహ్యాన్నీ కూడా దాచలేదు. చివరికి తన తల్లినే కెమెరా ముందు కూర్చోబెట్టి, ఆ ఇంట్లో జరిగినదంతా అడిగాడు. అడుగుతున్న తన ముఖాన్ని చూపడానికి మరో కెమెరా పెట్టించుకున్నాడు. ప్రశ్నించేవాడు ప్రశ్నకు అతీతుడు కాడన్న నైతికత ఆ రెండో కెమెరాలో వుంది. శిల్పం అంటే దృక్పథమేనని మనం అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఈ మధ్య తారసపడలేదు.

ఈ చిత్రాన్ని విధానపరమైన కథతో కలిపి చదివితే మరికొన్ని సంగతులు తేలుతాయి. పెళ్లే పేదరికానికి మందు అనే వాదాన్ని ఆ తల్లి ముందు పెట్టి చూడండి. ఆమెకు భర్త వున్నాడు. పెళ్లి నిలిచింది. నిలిచింది గనకే హింసా నిలిచింది. హింసకు గురైన స్త్రీలకు షరతులు సడలించే వెసులుబాటు 1996 చట్టంలో వుంది. కానీ దాన్ని వాడాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. బాధ్యతగల తండ్రి గురించిన ఉపన్యాసాన్ని ఆ పైకప్పుల పనివాడి ముందు పెట్టి చూడండి. చలి ముదిరితే తగ్గిపోయే పని అతనిది. కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగివుంది. రాష్ట్రాల వేతనం కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే, అయినా చాలీచాలనిదే. విడిపోయిన తండ్రి పిల్లల పోషణకు సొమ్ము కట్టినా, తల్లి ప్రభుత్వ సహాయం తీసుకుంటూ వుంటే, ఆ సొమ్ము మీద హక్కును ఆమె ప్రభుత్వానికి రాసివ్వాలి. చాలా రాష్ట్రాలు అందులో కొంతో మొత్తమో తామే వుంచుకుంటాయి. తండ్రి చెమట బిడ్డ పళ్లెం దాకా రాదు.

పేదరికం మనిషిని కొట్టేవాడిగా మారుస్తుందని నేను చెప్పడం లేదు. చిత్రమూ అలా చెప్పదు. ధనికుల ఇళ్లలోనూ దెబ్బలున్నాయి. కానీ దెబ్బలు తిన్న స్త్రీ బయటికి అడుగు పెట్టాలంటే అద్దె కావాలి, బిడ్డను చూసుకునే మనిషి కావాలి, జీతం కావాలి. చిత్రంలోని ఆ యువతి తన బంధువుల ఇంటికి చేరగలిగింది గనక కాస్త తెరిపిన పడింది. చేరడానికి చోటు లేనివాళ్ల మాటేమిటన్న ప్రశ్న ప్రేక్షకుడి వెంట ఇంటికి వస్తుంది.

5

మామూలు పేద కుటుంబానికి షరతులు లేకుండా డబ్బు ఇస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు అమెరికా తనకు తెలియకుండానే సమాధానం చెప్పుకుంది. కరోనా కాలంలో, 2021లో, పిల్లల పన్ను రాయితీని ఒక్క ఏడాదికి పెంచారు. ఆరేళ్లలోపు బిడ్డకు ఏడాదికి 3,600 డాలర్లు, ఆపై పదిహేడేళ్ల వరకు 3,000 డాలర్లు. ఏ సంపాదనా లేని ఇంటికి కూడా పూర్తి మొత్తం. అందులో సగం జూలై నుంచి డిసెంబరు దాకా నెలనెలా కుటుంబాలకు చేరింది. ప్రభుత్వ సహాయాలను కూడా ఆదాయంలో కలిపి లెక్కించే కొలత ప్రకారం, 2020లో 9.7 శాతం వున్న పిల్లల పేదరికం 2021లో 5.2 శాతానికి పడిపోయింది. లెక్కలు మొదలైన తర్వాత అంత తక్కువ ఎన్నడూ లేదు. పెంపును కొనసాగించలేదు. 2022లో అది 12.4 శాతానికి ఎగబాకింది.

ఆ ఏడాది అమెరికాలోని తల్లిదండ్రులందరూ ఉన్నట్టుండి బాధ్యతగలవాళ్లయి, మరుసటి ఏడాది అందరూ సోమరులయ్యారా? స్వభావం ఏడాదిలో మారదు. మారింది చేతికి వచ్చిన డబ్బు. వీరగాథ, నిందాగాథ రెండూ ఈ అంకెల ముందు నిలబడవు.

ఆట వైపు కూడా ఇలాంటి ఒక ఉదాహరణ వుంది. గాయపడితే దావాలు వేస్తారన్న భయంతో కాలిఫోర్నియా పట్టణాలు ఏళ్ల తరబడి ఆటస్థలాలు కట్టలేదు. 1998 నుంచి అమల్లోకి వచ్చిన ఒక రాష్ట్ర చట్టం, స్కేట్‌బోర్డును ప్రమాదం తెలిసి ఆడే ఆటల్లో చేర్చి, పట్టణాల మీద ఆ భారం తగ్గించింది. ఆ తర్వాత ప్రజాధనంతో ఆటస్థలాలు జోరుగా లేచాయి. టోనీ హాక్ 2002లో స్థాపించిన సంస్థ పేద ప్రాంతాల్లో వందలాది ఆటస్థలాలకు తోడ్పడింది. నేను దీన్ని మెచ్చుకుంటాను. ఒక దాత మనసు మీద కాక, చట్టం మీద, పన్నుల మీద నిలబడిన స్థలం ఎక్కువ కాలం పిల్లలది అవుతుందని కూడా అంటాను. లవ్ పార్క్ నేర్పిన పాఠం అదే.

6

మన సంగతికి వస్తే, పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు మన పత్రికలు చూడండి. కూలీ బిడ్డకు మార్కుల పంట, రిక్షా కార్మికుడి కూతురి ఘనత. ఆ పిల్లల కష్టానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. బడిలో తెలుగు చెబుతూ ఇన్నేళ్లు గడిపినవాణ్ణి, ఆ మార్కుల వెనుక ఎన్ని రాత్రుల నిద్ర వుందో తెలుసు. కానీ ఆ ఫోటో పక్కన, పత్తి తీతకు పోయి ఏడో తరగతిలో ఆగిపోయిన పిల్ల పేరు వుండదు. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంటి దగ్గర వుండిపోయిన పిల్ల వుండదు. పట్టుదల వుంటే పేదరికం అడ్డుకాదని ఆ వార్త చివర ఒక వాక్యం వుంటుంది. అడ్డు కాకపోతే తొలగించే పనీ వుండదు కదా! ఆ వాక్యం ఎవరి బరువు దించుతుందో ఆలోచించాలి.

ఈ విషయంలో మన కథాసాహిత్యానికి మంచి వారసత్వమే వుంది. చాసో రాసిన ఎందుకు పారేస్తాను నాన్నా కథనే తీసుకోండి. చదువుకోవాలని తపించే పిల్లవాడు, చదివించలేని తండ్రి. ఆ పిల్లవాణ్ణి రచయిత వీరుణ్ణి చేయలేదు. ఆ తండ్రిని దుర్మార్గుణ్ణి చేయలేదు. పిల్లవాడి సిగ్గునూ, తండ్రి నిస్సహాయతనూ పక్కపక్కన పెట్టి, మనల్ని వాటి మధ్య నిలబెట్టాడు. రాక్‌ఫర్డ్ యువకుడు కెమెరాతో చేసినదీ అదే. ఒకరి పేరు ఒకరు విని వుండరు. దారి మాత్రం ఒకటే.

యువ రచయితలకు, సాహిత్య విద్యార్థులకు నేను చెప్పదలచింది ఇది. పేద పిల్లవాడి విజయగాథ రాయవద్దని కాదు. రాసేటప్పుడు, అతని వెనుక ఎవరు నిలబడ్డారో, ఏ బడి, ఏ అరుగు, ఏ భత్యం, ఏ తల్లి కూలి అతన్ని మోసిందో రాయండి. అతనితో బయలుదేరి చేరలేకపోయినవారిని కథలోంచి తోసేయకండి. తప్పు చేసిన పేదవాణ్ణి కథలోకి తెస్తే, ఆ తప్పును కడిగేయకండి, ఆ తప్పునే అతని జాతి అంతటికీ అంటించకండి. చేతిలోకి వచ్చిన ప్రతి కథనూ ఒక ప్రశ్న వేసి చూడండి: ఈ పాత్రను అందరికీ ప్రతినిధిగా నమ్మితే రేపు ఎవరి ఇంట్లో పొయ్యి ఆరుతుంది? 1976లో ఒక స్త్రీ కథను నమ్మిన దేశం, ఇరవై ఏళ్లకు లక్షల ఇళ్లకు గడువు పెట్టింది. కథలకు అంత బలం వుంది. ఆ బలాన్ని ఎవరి వైపు నిలబెడతామన్నది రచయిత తేల్చుకోవలసిన విషయం.